అటుచూడు బాబాయ్

ఆ స్టోర్‌లో నాలుగో కౌంటర్ బాబాయ్‌కి ఒకే ఒక్క జబ్బు. ఎవరైనా కార్డు పెట్టి పిన్ నంబరు నొక్కబోతే చాలు, తను తల పక్కకి తిప్పేసుకుని, క్యూలో ఉన్నవాళ్ళందరి చేతా తలలు తిప్పించేవాడు. "అటు చూడండి" అనేవాడు. బతిమాలుకున్నట్టు కాదు, స్కూల్లో డ్రిల్లు మాస్టారు చెప్పినట్టు చెప్పేవాడు. చేతుల్లో బుట్టలతో, చంకల్లో పిల్లలతో అంతమందీ మెడలు తిప్పి సబ్బుల అలమార వైపు చూసేవారు. నంబరు నొక్కడం అయ్యాక "ఇక ఇటు చూడొచ్చు" అని అనుమతి ఇచ్చేవాడు. ఆయన అసలు పేరు జీతం స్లిప్పు మీద తప్ప ఇంకెక్కడా బతికి లేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన అటుచూడు బాబాయే.

ఈ జబ్బు వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయింది అయిదో కౌంటర్ వదిన. స్టోర్ మొత్తానికి ఆవిడ వదినే, చివరికి సెక్యూరిటీ తాతకి కూడా. బాబాయ్ గొంతు పక్క కౌంటర్‌కి కూడా సరిపోయేది కాబట్టి, ఆయన కేక వేసినప్పుడల్లా ఆవిడ క్యూ కూడా తలలు తిప్పేది, ఆవిడా తిప్పేది. మెడనొప్పి ఎలా వచ్చిందని డాక్టరు అడిగితే "బాబాయ్ వల్లండి" అని చెప్పింది. డాక్టరు అది కుటుంబ తగాదా అనుకుని ఇంకేమీ అడగకుండా మందు రాసిచ్చాడు.

దీనికంతటికీ మూలం కంపెనీవారు పెట్టిన ఒక క్లాసు. వేరే ఊళ్ళో వాళ్ళ స్టోర్‌లోనే ఎవరో కార్డు మిషన్‌కి దొంగ పరికరం తగిలించి కస్టమర్ల నంబర్లు కాజేశారు. ఆ సంగతి పేపర్లో పడేసరికి కంపెనీకి కస్టమర్ల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఒక ఆఫీసరు వచ్చి, తెర మీద ఉన్నదే పైకి చదివి వెళ్ళాడు. పొద్దున్నే మిషన్‌ని పట్టుకుని లాగి చూడాలట, ఏదైనా అంటించి ఉంటే ఊడి వస్తుందట. కస్టమరు నంబరు నొక్కేటప్పుడు సిబ్బంది చూపు పక్కకి తిప్పుకోవాలట. మిగతావాళ్ళంతా బిస్కెట్లు తిని వచ్చేశారు. బాబాయ్ ఒక్కడే బిస్కెట్లతో పాటు పాఠాన్ని కూడా మింగి వచ్చాడు. సిబ్బంది చూపు తిప్పుకుంటే చాలన్న చోట క్యూ మొత్తాన్ని కలిపింది మాత్రం ఆయన సొంత తెలివి.

ఒకసారి ఎవరో పెద్ద ఆఫీసరు, రిటైరైనా మీసాలు రిటైర్ కానివాడు, తల తిప్పనని భీష్మించుకున్నాడు. తనెవరో తెలుసా అని గద్దించాడు. "తెలీదండి, నేను అటు చూస్తున్నాను కదా" అన్నాడు బాబాయ్ సబ్బులతో. ఆఫీసరు కాసేపు ఆయన వీపుతో పోట్లాడి, వీపు లొంగకపోయేసరికి తనే తల తిప్పాడు.

ఇంట్లోనూ ఇదే వరస. పిన్ని ఫోను తెరవడానికి నంబరు నొక్కబోతే ఆయన లేచి బాల్కనీలోకి పోయేవాడు. "పెళ్ళయిన కొత్తలో నా మొహం చూడటానికి సిగ్గుపడేవారు, ఇప్పుడు నా ఫోను చూడటానికి సిగ్గుపడుతున్నారు" అని పిన్ని వదిన దగ్గర చెప్పుకుని నిట్టూర్చింది. లిఫ్టులో అంతస్తు బటన్ నొక్కేటప్పుడు కూడా అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆయన ఏ అంతస్తుకి వెళ్తున్నాడో తోటి మనిషికి తెలిసేది కాదు, కలిసి దిగితే తప్ప.

ఇలాంటి మనిషిని ఉద్యోగుల సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారంటే, మిగతా ఉద్యోగుల ధైర్యం ఏపాటిదో అర్థం చేసుకోవచ్చు.

అసలు ఆ స్టోర్‌లో సంఘం అవసరమే లేదు. సిబ్బంది టీ తాగే గదిలో "మనమంతా ఒకే కుటుంబం" అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ కుటుంబంలో క్యాషియర్లు కూర్చోకూడదు, నిలబడితేనే ఉత్సాహంగా కనిపిస్తారు. బాత్రూముకి వెళ్ళాలంటే చెయ్యెత్తి అడగాలి. ఏడాదికోసారి కాంట్రాక్టు ముగుస్తుంది, కొత్తది ఇవ్వాలో వద్దో మేనేజరు దయ. ఇంత చల్లని కుటుంబంలో సంఘం పెడతారన్న మాట వినగానే మేనేజరు మనసు విరిగిపోయింది. ఆయన మనసు విరిగిన వెంటనే టీ గదిలో కెమెరా వెలిసింది. కార్డుల భద్రత కోసమట. ఆ గదిలో ఎవరైనా కార్డు తీయడం స్టోర్ పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ చూసి ఎరగరు.

సంఘంలో చేరతామా వద్దా అని తేల్చుకోవడానికి ఆ గదిలోనే సమావేశమయ్యారు, స్టోర్ ఆవరణ దాటి వెళ్ళేంత విరామం ఎవరికీ లేదు కాబట్టి. బాబాయ్ అధ్యక్షుడి హోదాలో లేచి, అందరినీ గోడ వైపు తిరగమన్నాడు. చేరేవాళ్ళు గుండెల దగ్గర ఒక వేలు చూపించాలి, చేరనివాళ్ళు పిడికిలి ముడవాలి, రెండో అరచేత్తో దాన్ని మూసుకోవాలి, పిన్ నంబరు నొక్కినట్టు. అందరూ అలాగే చేశారు. బాబాయ్ కూడా గోడకేసి తిరిగి తన వేలు తను మూసుకున్నాడు.

"అందరూ పెట్టారా?" అన్నాడు.

"పెట్టాం" అన్నారు.

అప్పుడు తెలిసింది, లెక్కపెట్టే మనిషి లేడని. ఆఖరికి, ఎవరైనా కాదనగా ఎవరూ చూడలేదు కాబట్టి, తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గిందని బాబాయ్ ప్రకటించాడు. పెద్ద పెద్ద సభల్లో కూడా ఇంత శుభ్రమైన ఎన్నిక జరిగి ఉండదు.

మర్నాడు మేనేజరు తలుపు వేసుకుని కెమెరా బొమ్మ చూశాడు. ఒకే రకం నీలం చొక్కాలు తొడుక్కున్న వీపులు కనిపించాయి. అటూ వీపులే, ఇటూ వీపులే. జీతాల విభాగం అమ్మాయిని పిలిచి గుర్తుపట్టమంటే, జీతంలో కోతలైతే మనిషి మనిషికీ చెప్పగలను గానీ వీపులు తెలియవంది. బాబాయ్‌ని పిలిచి ఎవరెవరు చేరారని అడిగాడు. హెడ్ క్యాషియర్ కుర్చీ ఖాళీగా ఉందని కూడా గుర్తుచేశాడు, అది ఆ స్టోర్‌లో ఉన్న ఒకే ఒక్క కుర్చీ. తను అటు చూస్తున్నాననీ, చూడనిది చెప్పడం పాపమనీ బాబాయ్ అన్నాడు.

దాంతో మేనేజరు వదినని పట్టుకున్నాడు. పట్టుకోవడానికి ఆవిడే అనువైన మనిషి. భర్త పనిచేసే వర్క్‌షాపు మూతపడింది. ఇద్దరు పిల్లల చదువూ, ఇంటద్దె, మామగారి మందులూ అన్నీ ఆవిడ జీతం మీదే నడుస్తున్నాయి. ఆ జీతం వచ్చే కాంట్రాక్టు నెలాఖరుతో ముగుస్తోంది.

"ఒకరిద్దరి పేర్లు చెప్పమ్మా, చాలు" అన్నాడు మేనేజరు, ఎదురుగా ఆవిడ కాంట్రాక్టు కాగితం పెట్టుకుని. "చాడీలు చెప్పడం అనుకోకు. ఇంట్లో పెద్దవాళ్ళతో చెప్పుకోవడం అనుకో."

ఆ పెద్దాయన వదిన కంటే చాలా ఏళ్ళు చిన్నవాడు. అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు, అదృష్టవశాత్తూ ఆ అవసరమూ రాలేదు.

"నేను గోడ వైపు చూస్తున్నానండి. సున్నం రాలిపోతోంది, అదొక్కటే చెప్పగలను."

నెలాఖరుదాకా ఆలోచించుకోమని మేనేజరు కాగితాన్ని మళ్ళీ సొరుగులో పెట్టాడు. వదిన ఏడుపు ఆపుకుంటూ బయటికొచ్చి జరిగిందంతా బాబాయ్‌కి చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. విని, లోపల మేనేజరు కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తల తిప్పావా లేదా అని అడిగాడు. ఆ క్షణంలో వదినకి ఆయన్ని కొట్టాలనిపించింది. ఉద్యోగం పోతుందేమోనని ప్రాణం విలవిల్లాడుతుంటే ఈ పెద్దమనిషికి తలల గొడవ. ఇలాంటివాణ్ణి నమ్ముకుని వేలు చూపించానే అని రాత్రంతా తనని తనే తిట్టుకుంది.

పేర్లు దొరకని కోపం మేనేజరు ఆ జబ్బు మీద తీర్చుకున్నాడు. కస్టమర్లను తలలు తిప్పమనడం వల్ల అమ్మకాలు ఆలస్యమవుతున్నాయనీ, ఇకమీదట ఎవరైనా "అటు చూడండి" అంటే క్రమశిక్షణ చర్య తప్పదనీ నాలుగో కౌంటర్ ఎదురుగా నోటీసు అంటించాడు. కంపెనీ నేర్పిన పాఠాన్ని పాటించినందుకు కంపెనీ వేసిన శిక్ష అది. కుటుంబాల్లో ఇలాంటివి మామూలే.

ఆ రోజు బాబాయ్ నోరు మూసుకున్నాడు. మధ్యాహ్నం ఒక టీచరమ్మ కార్డు పెడితే మిషన్ వద్దంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ వద్దంది. క్యూ అంతా ఉచిత వినోదం దొరికినట్టు ఆవిడ మొహంలోకే చూస్తోంది. వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు. బాబాయ్ ఏదో అనేలోపే ఆవిడ సామానంతా అక్కడే వదిలేసి, బ్యాగు జిప్పు కూడా పెట్టుకోకుండా వెళ్ళిపోయింది. టీ విరామంలో బాబాయ్ కప్పు ముట్టుకోలేదు. కేకలు వేసే సరదా పోయిందని అలిగాడనుకుంది వదిన.

నెలాఖరు సాయంత్రం మేనేజరు తన అత్తగారిని వెంటబెట్టుకుని స్టోర్‌లోకి వచ్చాడు. ఆవిడ ముందు నడుస్తుంటే ఆయన బండి తోస్తున్నాడు. స్టోర్ మొత్తం తన అల్లుడిదేనన్నట్టు ఆవిడ ఒక్కో అలమారనీ పరామర్శించి, నచ్చినవన్నీ బండిలో వేసింది. పైన పెద్ద మిక్సీ పెట్టె కూడా పెట్టించింది. నాలుగో కౌంటర్‌కి చేరేసరికి క్యూలో కస్టమర్లతో పాటు డ్యూటీ దిగిన సిబ్బంది సగం మంది ఉన్నారు.

మేనేజరు దర్జాగా కార్డు పెట్టాడు. మిషన్ కుయ్యిమంది.

వదినకి తర్వాత తెలిసిన సంగతేమిటంటే, కంపెనీ ఆ నెల మేనేజరు జీతంలో సగం ఆపేసింది. సంఘం పుట్టకుండా చూసుకోలేకపోయినందుకు. కుటుంబంలో పెద్దకొడుకు కష్టాలు పెద్దకొడుకువి.

మేనేజరు మళ్ళీ కార్డు పెట్టాడు. మళ్ళీ కుయ్యిమంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని మిషన్ వైపు వంగబోయింది. సిబ్బందిలో ఒకరిద్దరి పెదవుల మీద నవ్వు అప్పుడే మొలుస్తోంది. వదినకి కూడా, నిజం చెప్పాలంటే, కడుపు చల్లబడింది. మేనేజరు బాబాయ్ కళ్ళలోకి చూశాడు, ఎదురుగా తను అంటించిన నోటీసు ఉంది.

అంతలో బాబాయ్ మోచెయ్యి పక్కకి జరిగింది. కౌంటర్ చివర గోపురంలా పేర్చిన పళ్ళముక్కల డబ్బాలు దడదడమని కూలిపోయాయి. స్టోర్ స్టోరంతా అటు తిరిగింది. డబ్బాలు దొర్లుకుంటూ దారిపొడుగునా పోతుంటే అత్తగారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుంది, సెక్యూరిటీ తాత ఈల ఊదాడు, పిల్లలు డబ్బాల వెంట పరుగెత్తారు. అటు చూడనిది వదిన ఒక్కతే. ఏళ్ళ తరబడి ఆ కౌంటర్‌లో గాజు సీసాల మధ్య మెదిలిన ఆ మోచేతికి పొరపాటున తగలడం రాదని ఆవిడకి తెలుసు.

బాబాయ్ మిక్సీ పెట్టె తీసి కింద పెట్టాడు. దాని తర్వాత ఇంకో రెండు వస్తువులు తీశాడు. బిల్లు మార్చి, మిషన్ మేనేజరు వైపు తోసి, తల పక్కకి తిప్పుకున్నాడు. ఈసారి మిషన్ ఒప్పుకుంది. డబ్బాల గోల సద్దుమణిగి అత్తగారు ఇటు తిరిగేసరికి బాబాయ్ సంచులు అందిస్తున్నాడు. మిక్సీకి గీత పడిందనీ, మేనేజరు గారింటికి గీతల సరుకు పంపితే తన ఉద్యోగం ఉంటుందా అనీ అన్నాడు. అల్లుడికి ఇక్కడ ఎంత గౌరవమో చూసి అత్తగారు పొంగిపోయింది.

వాళ్ళు వెళ్ళాక వదిన డబ్బాలు ఏరడానికి ఆయన పక్కన కూర్చుంది.

"నా బతుకు సొరుగులో పెట్టి కూర్చున్నాడు బాబాయ్, వాడు. వాడి పరువు మీరెందుకు కాపాడారు?"

"డబ్బులు చాలనప్పుడు అందరి మొహమూ ఒకేలా ఉంటుందమ్మా" అన్నాడు బాబాయ్, ఒక సొట్ట డబ్బాని బొటనవేలితో సరిచేస్తూ. "మొన్న టీచరమ్మకి అడ్డం పడలేకపోయాను. నంబరు దాచుకోవడానికి అరచెయ్యి చాలు. మొహం దాచుకోవడానికి చాలదు."

వదిన ఇంకో డబ్బా ఏరి ఆయనకి అందించింది. ఇన్నేళ్ళుగా ఆ కౌంటర్‌లో ఎన్ని కార్డులు కుయ్యిమన్నాయో, ఎంతమంది ఏమేం తీసి పక్కన పెట్టారో, క్యూలో ఒక్కరికీ తెలియదు. పక్కనే నిలబడ్డ తనకే తెలియదు. అంతమంది చేత సబ్బులు చూపించింది ఇందుకా అనుకుంది. ఆయన్ని కొట్టాలనుకున్నందుకు సిగ్గేసింది. మెడనొప్పి మాత్రం అలాగే ఉంది.

మర్నాడు పొద్దున్నే వదిన కాంట్రాక్టు సంతకంతో సహా ఆవిడ కౌంటర్ మీద ఉంది. పేర్లు ఎవరూ అడగలేదు. నోటీసు ఎవరు చింపారో కౌంటర్ల దగ్గరి కెమెరాలో కూడా దొరకలేదు, ఆ సమయంలో కెమెరా ఎందుకో పైకప్పు కేసి చూస్తోందట.

సొట్టలు పడ్డ డబ్బాల ఖరీదు మాత్రం రూలు ప్రకారం బాబాయ్ జీతంలో కోస్తామని జీతాల విభాగం కబురు పంపింది. కోయకూడదని సంఘం తీర్మానించింది, ఈసారి మొహాలు ఎదురెదురుగా పెట్టుకుని. అదే ఆ సంఘం మొట్టమొదటి డిమాండు. వదినే తీసుకెళ్ళి మేనేజరు ముందు పెట్టింది. పూర్తిగా చదవకుండానే ఆయన సంతకం చేసి, సొరుగులోంచి తన సొంత డబ్బు తీసి ఆ డబ్బాలన్నీ తనే కొనుక్కున్నాడు. పళ్ళముక్కలు అత్తగారికి మహా ఇష్టమట. నెలరోజుల పాటు ఆ ఇంట్లో మూడు పూటలా అవేనని, పెద్దావిడ వాటి మొహం చూడటం కూడా మానేసిందని స్టోర్‌లో చెప్పుకున్నారు.