మైనంలో వీధి మొహాలు

వీధిలో అందరూ ఆమెను పళ్ళక్క అంటారు. ఆమె పళ్ళేమీ ఎత్తుగా ఉండవు. కట్టుడు పళ్ళు తయారుచేసే చిన్న వర్క్‌షాపులో పని, అంతే. డాక్టర్లు పేషెంట్ల నోటి అచ్చులు తీసి పంపిస్తారు. ఆమె వాటిలో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక దానిమీద గులాబీరంగు మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నూ వరసలో కూర్చుతుంది. ఊళ్ళో పెద్దవాళ్ళు చాలామంది నవ్వేది తన చేతి పళ్ళతోనేనని లోలోపల కాస్త గర్వం. బయటికి అనదు గానీ, దారిలో ఏ ముసలాయనైనా పకపకా నవ్వితే ఆగి, ఒకసారి చూసుకుని మరీ కదులుతుంది.

మొహాలు చేయడం ఎలా మొదలైందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. ఓ మధ్యాహ్నం డబ్బాలో తెచ్చుకున్న అన్నం తిన్నాక, మిగిలిన మైనం ముక్కను ఊరికే వేళ్ళ మధ్య నలుపుతుంటే అందులోంచి ఓ ముక్కు వచ్చింది. ముక్కుకు తగ్గ బుగ్గలు వచ్చాయి. తీరా చూస్తే, వీధి మలుపులో గొడుగులు బాగుచేసే తాత! అక్కడినుంచి ఆగలేదు. పాలు పోసే ఆవిడ, పక్కింటి టీచరు, పోస్టుమ్యాన్ అందరూ వంటింటి కిటికీ గట్టు మీదికి చేరారు.

"ఇదేం చోద్యమే అమ్మాయ్! వీధి వీధంతా నా వంటింట్లో కాపురం పెట్టింది. పైగా అందరూ చిగుళ్ళ రంగే!" అనేది అత్తగారు.

ఇంతలో వర్క్‌షాపుకు ఓ పెద్ద ఆసుపత్రి పని వచ్చిపడింది. పక్క బల్ల దగ్గరి అమ్మాయి ప్రసవానికి సెలవు పెట్టింది. పళ్ళక్కకు ఊపిరి సలపలేదు. ఒక చేత్తో ముద్ద, ఇంకో చేత్తో పళ్ళ సెట్టు. ఇంటికొస్తే వంట, పిల్లల చదువులు, కొండంత బట్టలు. నెలలు గడిచాయి. కిటికీ గట్టు మీద కొత్త మొహమన్నది లేదు. మనిషి మాత్రం అయినదానికీ కానిదానికీ చిటపటలాడడం మొదలుపెట్టింది.

"మైనం ముట్టుకోవడం లేదేం?" అని అడిగాడు భర్త ఒక సాయంత్రం. అతను వ్యాను నడుపుతాడు. మాటలు తక్కువ మనిషి.

"తీరికెక్కడ ఏడ్చిందండీ? వదిలేశాను. పీడా పోయింది."

అత్తగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "నువ్వు వదిలేశావు, బాగానే ఉంది. అప్పట్నుంచి మేమంతా ఊపిరి బిగబట్టుకుని బతుకుతున్నాం. మళ్ళీ మొదలుపెట్టు తల్లీ, నీకు పుణ్యముంటుంది."

పళ్ళక్కకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. చివరికి నవ్వే గెలిచింది.

ఆ వారం నుంచి ఆదివారం పొద్దుటిపూట ఆమెది. వెనక బాల్కనీలో బల్ల వేసుకుంది. అత్తగారు కుర్చీ తెచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"నానమ్మా, అమ్మ కావాలి. నా సాక్సు కనపడట్లేదు."

"మీ అమ్మ ఇంట్లో లేదు."

"అదిగో, కనపడుతోందిగా!"

"కనపడ్డా సరే, లేదు."

బట్టలు ఉతకడం భర్త మీద పడింది. మొదటిసారికే తెల్లచొక్కాలన్నీ లేతనీలం అయ్యాయి. అతను అవే తొడుక్కుని దర్జాగా పనికి పోయాడు.

మిగతా రోజుల్లో చేతులకు తీరిక లేకపోయినా కళ్ళకు ఉందని పళ్ళక్క కనిపెట్టింది. బస్సులో ఎదుటి మనిషి మాట మింగేస్తే దవడ ఎలా బిగుస్తుందో, నవ్వు ఆపుకుంటే పెదవి ఏ మూల వణుకుతుందో చూసి దాచుకునేది. ఆదివారం అవన్నీ వేళ్ళలోకి దిగేవి.

సంగతి ఆ నోటా ఈ నోటా పాకి గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే ఆవిడ చెవిన పడింది. ఆవిడ ఇంటికొచ్చి, గట్టు మీద తన మొహాన్ని తనే చూసుకుని, "ఇవన్నీ మా హాల్లో పెడదామమ్మా" అంది.

"వద్దండీ, జనం నవ్వుతారు," అని వెనక్కి తగ్గింది పళ్ళక్క.

"నవ్వనీ," అంది అత్తగారు. "నవ్వితే కనపడేవి నువ్వు కట్టిన పళ్ళేగా!"

హాలు తెరిచిన రోజు వీధంతా వచ్చింది. గొడుగుల తాత తన మొహం ముందు నిలబడి, "నా ముక్కు ఇంత లేదు," అని అందరికీ చెబుతూ, అక్కణ్ణుంచి మాత్రం కదల్లేదు. పాలావిడ చుట్టాలందర్నీ వెంటబెట్టుకొచ్చింది.

పోస్టుమ్యాన్ భార్య ఒక్కతే వచ్చింది. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ చాలాసేపు చూసి, "ముట్టుకోవచ్చా?" అని అడిగింది. పళ్ళక్క ఆ మొహాన్ని తీసి ఆవిడ చేతుల్లో పెట్టింది.

"ఏదో అనబోయి ఇలాగే పెదవి బిగించేవారమ్మా. ఒక్క ఫొటోలోనూ ఇది పడలేదు."

"మైనం కదా, ఎండకి కరుగుతుంది. గట్టిగా నిలిచేలా చేసిస్తాను పిన్నీ," అంది పళ్ళక్క.

పళ్ళకు ఏం చేస్తుందో దీనికీ అదే చేసింది. మైనపు మొహం చుట్టూ ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక వేడినీళ్ళలో మైనం కరిగించి, ఆ ఖాళీలో చిగుళ్ళకు వాడే గట్టి పదార్థాన్ని కూరింది. వర్క్‌షాపు యజమాని తనే వచ్చి అచ్చును బిగించిపెట్టాడు. మెరుగు పెట్టేటప్పుడు వర్క్‌షాపులో అందరూ పనాపి చుట్టూ మూగారు. పోస్టుమ్యాన్ ఇప్పుడు ఆ ఇంట్లో టీవీ పక్కన, ఏదో అనబోతూ ఉన్నాడు.

"ఇంత విద్య పెట్టుకుని ఇంకా ఆ పళ్ళ పనెందుకు? మానేయరాదూ?" అని ఆఖరి రోజు హాల్లో జనం మధ్య పక్కింటి టీచరు అడిగింది.

"భలేవారే! దవడ ఎలా కూర్చుంటుందో నాకు నేర్పింది ఆ పనే కదండీ," అంది పళ్ళక్క. "రెండూ నావే. ఏదీ వదలను."

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో మునుపటి బెరుకు లేదు. పక్కనే నిలబడ్డ అత్తగారు, వినని వాళ్ళకు కూడా వినపడేలా, "మా కోడలు," అని పరిచయం చేసింది.