నేను లేనని చెప్పిన మామ

ఆ రోజుల్లో నాకు తెలియనిదల్లా ఒక్కటే, మామూలు మనిషిలా ఎలా బతకాలో. మిలిటరీలో పింఛను వచ్చేనాటికి మనిషికి ఇంకా మీసమైనా నెరవదు. మా ఊరు కనకమామిడికి వచ్చాక కూడా పొద్దున్నే లేచి, దుప్పటి మడిచి, ఎవరేం చెబుతారా అని నిలబడేవాణ్ణి. (మా ఆవిడ పాలు తెమ్మనేది, అంతే.) ఇంతలో అణువిద్యుత్ కేంద్రంలో ఉద్యోగం ఖాయమైంది. అక్కడ కరెంటు ఎలా పుడుతుందో అర్థం కాలేదు, నన్నెందుకు తీసుకున్నారో అంతకన్నా అర్థం కాలేదు. పోలీసు ఎంక్వైరీ బాగా వస్తేనే చేర్చుకుంటామన్నారు. పిల్లల చదువులన్నీ ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఒకరోజు కానిస్టేబుల్ ఇంటికొచ్చి, "ఎంక్వైరీకి వచ్చిన అన్నా. మిలిటరీల ఏడ చేసినవ్?" అన్నాడు. డ్యూటీ సంగతులు బయటివాళ్లకు చెప్పొద్దని అన్నేళ్లు నేర్పారు కదా, నిటారుగా నిలబడి "చెప్పరాదు" అన్నాను. "ఏం పని చేసినవ్?" "చెప్పరాదు." (నోరు జారతానో లేదో పరీక్షిస్తున్నారనుకున్నాను.) పాపం, ఆయన తల గోక్కుంటూ మా మేనమామ దగ్గరికి పోయాడు. మామ మాజీ సర్పంచ్. మా పొలం పక్క ఫామ్‌హౌస్ వాళ్లతో మాకు గట్టు తగాదా నడుస్తోంది. ఖాకీ చొక్కా చూడగానే వాళ్లు నా మీద కేసు పెట్టారనుకున్నాడు.

"మీ అల్లుడెట్లాంటోడు?"

"ఏ అల్లుడు? గసొంటోడు మా ఊర్లనే లేడు."

"గిప్పుడే మాట్లాడొచ్చిన గద, సర్పంచ్ సాబ్!"

"గాయిన ఎవలో నాకెర్క లేదు. మాకేం గాడు."

మర్నాడు మామనూ నన్నూ ఠాణాకు పిలిచారు. "మనిషేమో ఏం చెప్పడు, పెద్దమనిషేమో ఎవలో తెల్వదంటడు. ఏం రాయాలె నేను?" అన్నాడు ఎస్సై. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. నేను ఎంతకాలం ఎక్కడ చేశానో గడగడా అప్పజెప్పేశాను. మామ తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రాయి సారూ. నా చెల్లె కొడుకు. చిన్నప్పటిసంది నా చేతుల్లనే పెరిగిండు. పట్కపోతరని భయమై లేడన్న. ఈని మీద ఏమన్న ఉంటె నా పేరు రాస్కో."

ఎస్సై ఆయన్ను చూసి, నవ్వుతూ నా ఎంక్వైరీ కాగితం మీద సంతకం పెట్టాడు.

సరిహద్దులో తుపాకీ పట్టుకుని ఊరందరినీ నేనే కాపాడుతున్నాననుకునేవాణ్ణి. మామ మాత్రం నన్ను కాపాడటానికి నేనన్న మనిషే లేడన్నాడు. అప్పటి ఆ అయోమయపు సిపాయి గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. మామ గుర్తొస్తే ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.