మా అరుగు వీధిలోకి నడిచిన వైనం

గోదావరి మీద రైలు వంతెన ఇంకా పడని రోజులు. రాజమహేంద్రవరంలో రేవుకు దిగే వీధిలో మాది ఇత్తడి సామాను కొట్టు. వెనక ఇల్లు, ముందు కొట్టు, దాని ముందు మట్టి అరుగు. బాటసారి కాసేపు కూర్చుని వెళ్ళడానికి అరుగు వేయడం పుణ్యమని వీధిలో అందరి నమ్మకం. ఆ పుణ్యం ఏటా పెరిగేది. పండగ ముందు కొత్త మట్టి మెత్తేటప్పుడు ప్రతి ఇంటివారూ అరుగును బెత్తెడు ముందుకు జరిపేవారు. పుణ్యకార్యాన్ని ఎవరు కాదంటారు? తీరా చూస్తే బాటసారికి చోటే లేదు, అరుగు నిండా మా బిందెలూ గంగాళాలే.

మా అత్తగారి కళ్ళకు పొరలు కమ్మాయి. అయినా తెల్లవారగానే గోదావరి స్నానం మానేవారు కాదు, నన్ను వెంట రానిచ్చేవారూ కాదు. ఇదివరకు గోడ తడుముకుంటూ వెళ్ళే మనిషి, అరుగులు పెరిగాక వాటి అంచు పట్టుకుని నడవాల్సి వచ్చింది. ఆ అంచు పక్కనే బండి చాళ్ళు. ధాన్యం బండి పల్లానికి దిగుతుంటే ఎడ్లను ఆపడం ఎవరి తరం?

ఒక ఉదయం మా ఇంటి ముందే బండి ఆవిడను రాసుకుని పోయింది. కిందపడి మణికట్టు విరిగింది. వీధంతా పోగై బండివాణ్ణి పట్టుకుంది. మా ఆయన వాడి మీద చెయ్యెత్తారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బండి ఎప్పటి దారినే వచ్చిందండీ. ముందుకొచ్చింది మనమే. ఆ అరుగు తీసేద్దాం," అన్నాను.

"తీస్తే నలుగురూ ఏమంటారే? కొట్టు మర్యాదేం కాను?"

"మర్యాద లోపల మంచమ్మీద మూలుగుతోంది, వెళ్ళి చూడండి."

ఆ మధ్యాహ్నమే గునపం పట్టాను. వయసులో ఉన్నదాన్ని, రెక్కల్లో సత్తువ ఉంది. పుణ్యాన్ని తవ్విపోస్తోందని ఎదురింటివారు ముక్కున వేలేసుకున్నారు. అంటే అననీ అనుకున్నాను. సాయంత్రానికి మా ఆయనే వచ్చి మట్టితట్ట అందుకున్నారు.

కట్టు విప్పిన మర్నాడే అత్తగారు స్నానానికి బయల్దేరారు. ఆవిడకు తెలియకుండా నేనూ వెనకే వెళ్ళాను. మా గోడ పొడుగునా ధీమాగా నడిచారు. పక్కింటి అరుగు కాలికి తగలగానే ఆగిపోయారు. పక్కింటాయన గుమ్మంలో నోరు పుక్కిలిస్తున్న చప్పుడు విని అటు తిరిగారు.

"ఏం నాయనా, మీ అరుగు మీరే తీసేస్తారా, మా కోడల్ని పంపమంటారా?"

ఆయన నా వంక ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి తన గునపం తెచ్చుకున్నాడు.