మెల్లగ నొక్కమన్న సారు

మా సారు పోయారని శుక్రవారం పొద్దున పక్కింటి ఫోన్‌కు కబురొచ్చింది. ఏ సారు అని అడిగాను. బెల్లంపల్లిలో నాకు ఇంకో సారు లేరు, అయినా అడిగాను. ముందురోజు సాయంత్రమే, రేపు కరెంటు పోకముందే రమ్మని నాకు చెప్పి ఇంటికెళ్లిన మనిషి. నిద్రలోనే గుండె ఆగిందట. ఇది రాస్తుంటే కూడా నమ్మబుద్ధి కావడం లేదు.

ఊరందరికీ ఆయన టైపు సారు. బొగ్గు గనుల్లో కొత్తవాళ్లను తీసుకోవడం తగ్గిపోయాక, కార్మికుల పిల్లలం ఆయన దగ్గర టైపు నేర్చుకుని ఆఫీసుల మీద ఆశ పెట్టుకున్నాం. నేను టైపు హయ్యర్ పరీక్ష పాసయ్యేసరికి ఆ ఆఫీసులు కంప్యూటర్ వచ్చా అని అడగడం మొదలుపెట్టాయి. నేర్చుకున్నదంతా నీళ్లపాలైందని ఇంట్లో కూర్చున్నాను. సారు మాత్రం తల నెరిసిన వయసులో హైదరాబాద్ వెళ్లి, కుర్రాళ్ల పక్కన కూర్చుని కంప్యూటర్ నేర్చుకొచ్చారు. టైపు సెంటర్‌లోనే కంప్యూటర్లు పెట్టి, మా ఇంటికొచ్చి మా బాపుతో అన్నారు: "పిల్లను పంపు. వేళ్లు గవే, మిషిన్ ఒక్కటే మారింది."

వేళ్లు అవే కావడమే మా చావుకొచ్చింది. బల్ల అదిరేలా కీబోర్డును దంచేవాళ్లం. లైను చివరికి రాగానే ఎడమ చేయి దానంతటదే లేచి, లేని టైపు మిషిన్ క్యారేజీని తోయబోయి మానిటర్‌కు తగిలేది. ఒకరోజు సారు చేయి కూడా తగిలింది. మేం నవ్వు ఆపుకుంటుంటే ఆయనే ముందు నవ్వేశారు. నాతో మాత్రం రోజూ ఒకటే మాట: "మెల్లగ నొక్కు బిడ్డా. గిది చెవిటిది కాదు, ఇంటది."

అలా నేర్చుకున్నాను, అక్కడే నేర్పేదాన్నయ్యాను. ఇవాళ మా ఇల్లు గడుస్తోందంటే ఆయన చలవే.

సోమవారం సారు భార్య తాళంచెవి నా చేతిలో పెట్టింది. "నడుపుతవో, మూస్తవో నువ్వే చూడు బిడ్డా" అంది. అక్కడినుంచి నేరుగా సెంటర్‌కు వెళ్లాను. ఆ రోజు మొదలుకావాల్సిన కొత్త బ్యాచ్ అమ్మాయిలు షటర్ ముందు నిలబడి ఉన్నారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చినవాళ్లు, వాళ్లకు కబురు అందలేదు.

"సారు ఇంకా రాలేదా అక్కా?" అని ఒకమ్మాయి అడిగింది.

షటర్ ఎత్తాను. చెప్పులు బయట విడిచి, వాళ్లు ఒక్కొక్కరే లోపలికి వెళ్లి కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని అందరూ నావైపే చూస్తున్నారు.