మంజుల వదిలేసిన గింజలు

కరోనా తగ్గిన తర్వాతి ఎండాకాలం. శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర ఒక ప్రైవేటు ల్యాబులో నేను పికింగ్ అసిస్టెంటును. రాళ్ల వయసు లెక్కకట్టడానికి వాటిలోని గింజలను వేరుచేసి ఇవ్వడం మా పని. మాది పాల్మాకుల. ముందు కాటేదాన్‌లో ఒక ప్లాస్టిక్ కంపెనీలో చేశాను, తర్వాత ఈ ల్యాబులోనే రాళ్లను పొడి చేసే షెడ్డులో హెల్పర్‌గా చేరాను. నలభై దాటాక సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. సంచుల మీది చీటీలు చదవగలిగాకే నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు.

రాగి, బంగారం చాలాచోట్ల పాత అగ్నిపర్వతాల కింద దొరుకుతాయి. కరిగిన రాయి పైకి వస్తుంటే దాని వెంట వచ్చే వేడినీళ్లు పగుళ్లలో ఆ లోహాలను వదిలిపోతాయి. ఇది ఎప్పుడు జరిగిందో తెలియాలంటే రెండు రాళ్లు కావాలి. రాగి చారలు చీల్చుకుపోయిన రాయి రాగికంటే ముందుది. ఆ చారలనే తెంపుకుంటూ దూరిన రాయి తర్వాతది. రాగి వయసు ఆ రెండింటి మధ్య ఉంటుంది. రాయి వయసు చెప్పేది జిర్కాన్ అనే గింజ. దానిలోని యురేనియం మెల్లగా సీసంగా మారుతుంది, ఎంత మారిందో మిషను కొలుస్తుంది. రాయిని పొడి చేసి, జల్లించి, తేలికవి కొట్టుకుపోయేలా నీళ్లు పారే బల్ల మీద పారించి, అయస్కాంతంతో ఇనుము ఉన్నవి లాగేసి, చివరికి బరువైన ద్రవంలో వేస్తే జిర్కాన్ అడుగుకు దిగుతుంది. దాన్ని పళ్లెంలో పోసి, సన్న సూదితో గింజలను ఒక్కొక్కటిగా ఏరి టేపు మీద అంటించాలి. విమానం కిందుగా పోయినప్పుడు బల్ల వణుకుతుంది, అప్పుడు సూది ఎత్తి ఆగాలి.

ఈ పని మంజులకు నేర్పింది నేనే. బుద్వేల్ నుంచి వచ్చేది, డిగ్రీ చదివిన పిల్ల. ఆరు నెలలు తిరగకుండానే నన్ను దాటిపోయింది. ఆమె టేపు మీద గింజలు మంచి జొన్నకంకిలా ఉండేవి, ఒక్క తాలు గింజ కనిపించేది కాదు. మా ఇన్‌చార్జ్ మాధవి మేడం వచ్చినవాళ్లందరికీ ఆ టేపులే చూపించేవారు. నావి ఎవరూ అడగలేదు. ఆ ఏడు మా ఇద్దరిలో ఒకరిని పికింగ్ హెడ్ చేస్తామని, రెండో మనిషిని షెడ్డుకు పంపాల్సి రావచ్చని మేడం చెప్పారు. షెడ్డు దుమ్ము ఎట్లుంటుందో నా దగ్గుకు తెలుసు.

అప్పుడే కార్గోలో ఒక కొండల దేశం నుంచి అలాంటి రెండు రాళ్లు దిగాయి. రాగికంటే ముందుదైన రాయి నాకిచ్చారు. రాగి తర్వాతి రాయిలో గింజలు తక్కువ, చేయి తిరిగిన మనిషికే ఇస్తారు. అది మంజులకు పోయింది. 

ఫలితం తలకిందులుగా వచ్చింది. తర్వాతి రాయి ముందు రాయికంటే పాతదని మిషను చెప్పింది. బిడ్డ తల్లికంటే పెద్దదన్నట్టు. మేడం ఇద్దరినీ పిలిచి, ఒకరి పళ్లెంలో వేరే రాయి పొడి కలిసి ఉంటుందన్నారు. ఒకరి మిగులును, అంటే ఏరగా పళ్లెంలో మిగిలినదాన్ని, మరొకరు మళ్లీ ఏరాలని, తప్పు ఎవరిదో తేలాకే రిపోర్టు పంపుతానని చెప్పారు.

నా మిగులును మంజుల ఏరితే మొదట వచ్చిన వయసే మళ్లీ వచ్చింది. నా పళ్లెం శుభ్రమని తేలింది. ఇగ ఆమె పళ్లెంలో పరాయి గింజ దొరకాలని నేను గట్టిగా కోరుకున్నాను. అక్కడ మంచివేవీ మిగల్లేదు. ఉన్నవన్నీ సూదుల్లాంటి సన్నవి, విరిగినవి, మసకబారినవి. వాటినే ఏరసాగాను. మంజుల వచ్చి వెనకాల నిలబడింది.

“అక్కా, గా చెత్తెందుకు ఏరుతున్నవ్?”

“నువ్వు ఏమేం వదిలిపెట్టినవో మేడం జర చూడాలె గదా.”

“చూపియ్, చూపియ్. నీ కడుపు సల్లగైతది.”

టేపు నిండా చెత్తే అంటించి ఇచ్చాను.

ఆ సన్న గింజల వయసు తక్కువగా వచ్చింది. రెండు రాళ్లూ తమ వరుసలో నిలబడ్డాయి. మేడం మిషను తీసిన గింజల బొమ్మలు చూసి మాకు విడమర్చి చెప్పారు. తర్వాతి రాయి కరిగి పైకి వస్తూ దారిలోని పాత రాళ్ల గింజలను లాక్కొచ్చింది. అవి పెద్దవి, నిగనిగలాడేవి. తనలో పుట్టిన గింజలకు పెరిగే సమయం దొరకలేదు, అందుకే సన్నగా ఉండిపోయాయి. ఎవరి పళ్లెమూ మురికి కాదు. మంజుల అందరిలాగే మంచివి చూసి ఏరింది, అంతే.

వారం తిరగకముందే మంజులను హెడ్ చేశారు. హెడ్ రిపోర్టులు ఇంగ్లీషులో రాయాలి, నా చదువు తెలుగు చీటీల దగ్గరే ఆగింది. నన్ను మాత్రం షెడ్డుకు పంపలేదు. ఎందుకు పంపలేదో, ఆ మధ్యాహ్నం నేను అన్నం డబ్బా విప్పుతుంటే మంజులే వచ్చి చెప్పింది.

“అక్కా, నన్ను షెడ్డుకు తోలనీకే ఏరినవ్ గదా గవి?”

అవునన్నాను.

“నాకెరికే. అందుకే నిన్ను ఈడనే ఉంచమని మేడంకు చెప్పిన. ఇగ నుంచి నా మిగులంత నువ్వే సూడాలె. నా మీద గింత కడుపుమంట ఉన్న మనిషి నాకింకెక్కడ దొరుకుతది?”

నేను రిటైరయ్యేదాకా అట్లాగే నడిచింది. ఆమె ఏరిన ప్రతి రాయి మిగులు నా బల్ల మీదికి వచ్చేది. చాలాసార్లు ఏమీ దొరికేది కాదు, అప్పుడు నాకు చిరాకేసేది.

ఈ పనిలో నేను తెలుసుకున్నది ఒకటి. మంచి గింజ అబద్ధం చెప్పదు, కానీ అది చెప్పే వయసు తనది. అది వచ్చి చేరిన రాయి వయసు వేరే కావచ్చు. కాబట్టి ఏ రాయికైనా ఏరేవాళ్లు ఇద్దరుండాలి, రెండో మనిషికి మొదటి మనిషి మీద నమ్మకం ఉండకూడదు. ఆ లెక్కన నా పని నేను సరిగానే చేశాను. హెడ్ పోస్టు నాకే రావాల్సింది.