పాలు లోపలికి, కుడితి కాల్వలోకి

వికారాబాద్‌లో మా హాస్టల్ మెస్ వెనక, మిగిలిన అన్నం పోసిన డ్రమ్ము ఎండకు పులిసి వాసన వేసినప్పుడల్లా నేను తాండూరులో మా ఇంటి వెనక వాకిట్లోకి వెళ్లిపోతాను.

అక్కడ నాపరాళ్ల గోడ పక్కన కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, బీరకాయ తొక్కలు, ఎండిన జొన్నరొట్టెలు, ఉగాదికి మాడిన భక్ష్యాల అంచులు, అన్నీ అందులోకే. వెనక సందులో ఉండే బాలమణి రోజూ పొద్దున్నే వచ్చి, మా తొక్కుడుబిళ్ల గీతలు చెరపకుండా నడిచి, బకెట్ నింపుకొని పోయి తన బర్రెకు పెట్టేది. సాయంత్రం ఆ బర్రె పాలే మాకు.

నేను ఏడో తరగతిలో ఉండగా లాక్‌డౌన్ వచ్చింది. నాన్న బుట్టల కొద్దీ టమాటాలు, క్యాబేజీలు తెచ్చి సర్ఫు నీళ్లలో స్నానం చేయించారు. అమ్మ కుక్కర్లో కేకులు చేసింది. వాటిని కేకులని ఆమె తప్ప ఎవరూ అనలేదు. సగం తిన్నాం, సగం కుళ్లబెట్టాం. కుడితి తొట్టికి అంత మంచి రోజులు ఎన్నడూ రాలేదు. సరిగ్గా అప్పుడే నాన్న దాన్ని మూసేశారు. బాలమణి నాలుగిళ్లు తిరిగే మనిషి, ఆమె బకెట్‌తో రోగం వస్తుందట. పాలు మాత్రం రావచ్చు, కాచుకుంటాం కదా.

"పాలకు అంటుకోని రోగం కుడితికెట్ల అంటుకుంటది పటేలా?" గేటు బయట, మూతికి కొంగు చుట్టుకొని అడిగింది బాలమణి. "తవుడు దుకాణం బందున్నది. ఈనిన బర్రె, ఉత్త నీళ్లు తాగి పాలెట్లిస్తది?"

"గవన్ని నాకు తెల్వది. చెంబు అరుగు మీద పెట్టి జర దూరం జరుగు."

నాన్న చదువుకున్నవారు కాబట్టి అంతటితో ఆగలేదు. మిగిలినదంతా కాల్వలో పోసి, ఎవరూ ఎత్తుకోకుండా పైన బ్లీచింగ్ పౌడర్ చల్లేవారు, అక్షింతలు వేసినంత శ్రద్ధగా. గోడ అవతల బర్రె అరిచేది. మేం కేకు తింటూ వినేవాళ్లం. నేనూ తిన్నాను.

రెండు వారాలకు చెంబులో పాలు సగమయ్యాయి. "పొదుపు నేర్చినట్టున్నది," అన్నారు నాన్న. బండ్లు తిరగడం మొదలవగానే బషీరాబాద్ వాళ్లెవరో వచ్చి, బర్రెనూ దూడనూ కొనుక్కొని ట్రాలీలో ఎక్కించుకుపోయారు.

ఇప్పుడు తొట్టి ఉన్నచోట నాన్న బైకు నిలబెడతారు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడంలో ఆయనకు మా వాడలో మంచి పేరుంది. మొన్న సెలవులకు వెళ్లినప్పుడు కిరాణా కొట్టు ముందు బాలమణి కనిపించింది, చేతిలో అర లీటరు పాల ప్యాకెట్. నన్ను చూడగానే దాన్ని కొంగు కింద దాచింది.

"చాయ్‌కే బిడ్డా," అన్నది, తప్పు చేసి దొరికిపోయినట్టు.