బల్లకి ఇవతలి కుర్చీ

మా వీధి చివరనున్న అద్దాల భవనం పాటల కంపెనీది. దాని ముందు గుమ్మం దగ్గర పొద్దున్నుంచీ కెమెరాలు పట్టుకుని అభిమానులు నిలబడి ఉంటారు. మాటవరసకైనా సముద్రపు నాచులో అన్నం చుట్టిన కింబాప్ ఒక్కటి కొనరు గాని, నా షాపు మరుగుదొడ్డి తాళం మాత్రం అడుగుతారు. ఇవ్వనని చెప్పి చెప్పి నా నోరు పాడైంది. నాకు కావలసినవాళ్ళు వెనక గుమ్మంలోంచి వస్తారు. వాళ్ళ ఫొటోలు ఎవరూ తియ్యరు. పాటకీ ఆటకీ శిక్షణలో ఉన్న పిల్లలు వాళ్ళు. అన్నం లేకుండా గుడ్డుతో చుట్టిన కింబాప్ అడుగుతారు, సగం తిని సగం కాగితంలో దాచుకుంటారు, నన్ను పిన్నీ అని పిలుస్తారు. సియోల్‌లో తిండి అమ్మే ప్రతి ఆడదీ అందరికీ పిన్నే అనుకోండి. అయినా ఈ పిల్లలు పిలిస్తే మాత్రం నిజంగా వాళ్ళమ్మకి చెల్లెల్నేమో అనిపిస్తుంది.

నారే కూడా అలా ఆ వెనక గుమ్మంలోంచి వచ్చిన పిల్లే. ఇంటిపేరు ప్యో. తూర్పు తీరాన సొక్చో బజారులో వాళ్ళమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. స్కూలు పండగలో ఈ పిల్ల పాడితే కంపెనీవాళ్ళు ఎవరో విని, పదమూడో ఏట సియోల్ తీసుకొచ్చారు. తొలిరోజుల్లో దాని యాస విని తోటిపిల్లలు నవ్వేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి యాస పోయింది, బుగ్గలు పోయాయి, వారం వారం త్రాసు ఎక్కి ఎక్కి ఆకలి కూడా పోయింది. గొంతు మాత్రం మిగిలింది. నా షాపులో గిన్నెలు సర్దుతూ కూనిరాగం తీస్తే వంట చేస్తున్నదాన్ని గరిట ఆపేసేదాన్ని.

నెలాఖరున పరీక్ష ఉండేది. ఛాతీ మీద అంకె అంటించుకుని గదిలోకి వెళ్ళాలి, బల్లకి అవతల కూర్చున్నవాళ్ళ ముందు పాడాలి, ఆడాలి. ఎవరినైనా ఇంటికి పంపేయాలనుకుంటే మాత్రం ఆ గదిలో చెప్పరు. ఆఫీసు నుంచి ఎవరో ఒకరు ఆ పిల్లని ఒంటరిగా బయటికి తీసుకెళ్ళి, “ఏం కావాలంటే అది తిను” అంటారు. అంతే, ఇక చెప్పేదేమీ ఉండదు. ఏళ్ళ తరబడి చిలగడదుంపలూ ఉడికించిన గుడ్లూ తిని బతికిన పిల్లతో ఆఫీసు మనిషి ఆ మాట అన్నాడంటే, రేపట్నుంచి దాని బరువుతో కంపెనీకి పనిలేదని అర్థం. అదేం ఖర్మో, ఆ తిండికి అందర్నీ నా షాపుకే తీసుకొచ్చేవాళ్ళు. దగ్గర కదా.

నారేని తీసుకొచ్చినవాడు బాంగ్. అప్పుడే కొత్తగా చేరిన కుర్రాడు, మెడలో కార్డు ఇంకా తళతళలాడుతోంది. కొత్త పాటల బృందంలో ఎవరెవరున్నారో ప్రకటించబోయే ముందు సంగతి అది. నారే పేరు ఆ బృందంలో ఉందని మేమంతా అనుకుంటున్నాం. “ఏం కావాలంటే అది తిను నారే,” అన్నాడు బాంగ్ గోడకేసి చూస్తూ. నారే తొక్‌పొక్కీ అడిగింది. ఎర్రటి కారంలో ఉడుకుతున్న బియ్యప్పిండి ముక్కలు పళ్ళెం నిండా పెట్టాను. ఒక్కటీ వదలకుండా తింది. మూతి తుడుచుకుని, లేచి, నడుం వంచి వాడికి నమస్కారం చేసి, ఇన్నాళ్ళు నేర్పినందుకు ధన్యవాదాలు అంది. వాడు తన గిన్నె ముట్టుకోలేదు. ఆ పిల్ల వెళ్ళాక వాడే కుమిలి కుమిలి ఏడ్చాడు. నాకు ఒళ్ళు మండి, ఏడవాల్సినవాళ్ళు ఏడవకుండా వెళ్ళారు, నువ్వు నా పులుసు ఉప్పన చేయకు అని కసిరాను.

నారే సొక్చో వెళ్ళలేదు. రైలు మార్గానికి ఆవల ఒక పళ్ళ డాక్టరు దగ్గర చేరింది. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, పుక్కిలించే కప్పులు కడగడం, డ్రిల్లు చప్పుడుకి బెదిరిన పిల్లలకి ఏదో ఒకటి పాడి వినిపించడం దాని పని. ఆ పిల్లలు నోరు తెరుచుకుని వింటారు కాబట్టి డాక్టరుకి పని తేలికయ్యేది. అక్కడికొచ్చే ముసలివాళ్ళు, నువ్వు నిలబడే తీరు బాగుందమ్మా, సైన్యంలో చేశావా అని అడిగేవారట. ఆదివారాలు నా దగ్గరికి వచ్చేది. రోడ్డు మీద ఏ దుకాణంలోంచైనా ఆ బృందం పాట వినిపించిందా, మాట మధ్యలో ఆపేసేది. ఆ పాటలో ఒక చరణం నారేది. రికార్డింగ్‌కి ముందు నేర్చుకున్నది. ఇప్పుడు వేరే పిల్ల పాడుతుంది. ఆ చరణం దగ్గరికి వచ్చేసరికి నారే ఛాతీ నిండా ఊపిరి పీల్చుకునేది. పాడేది కాదు. చరణం అయిపోయాక మెల్లగా వదిలేసేది.

పోయిన శరదృతువులో ఒక మధ్యాహ్నం బాంగ్ మళ్ళీ నారేని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇప్పుడు వాడు శిక్షణ విభాగానికి పెద్ద, బట్టతల కూడా మొదలైంది. కూర్చోగానే అలవాటు కొద్దీ, “ఏం కావాలంటే అది తినండి నారేగారూ,” అన్నాడు. నారే మొహం పాలిపోయింది. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నిటారుగా కూర్చుంది. బాంగ్‌కి తను అన్న మాట అప్పుడు తట్టింది. నాలుక కరుచుకున్నాడు.

“నాలో ఇంకా తీసెయ్యడానికి ఏం మిగిలింది సార్?” అంది నారే.

ముందు నేను నవ్వాను, తర్వాత అది నవ్వింది, ఆఖరికి వాడూ నవ్వాడు. నవ్వులయ్యాక వచ్చిన పని చెప్పాడు. ఆఫీసు ఉద్యోగం. శిక్షణ విభాగంలో పర్మనెంట్ పోస్టు, బీమా, మెడలో కార్డు, అన్నీ. నెలాఖరు పరీక్షలో బల్ల దగ్గర కూర్చోవాలి, పిల్లల సంగతి చూసుకోవాలి, పంపేయాల్సినవాళ్ళకి చెప్పాలి. అది మాత్రం తనకి ఇన్నేళ్ళయినా చేతకావడం లేదన్నాడు. “మీకైతే తెలుసు, ఎలా చెప్తే తక్కువ నొప్పిగా ఉంటుందో. ఆ పిల్లల కోసమైనా రండి,” అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. నాకు వాడి మీద కోపం రాకపోవడమే నాకు కోపం.

నారే ఆలోచించుకుని చెప్తానంది. ఆ ఆలోచన మా ప్రాణాలు తోడేసింది. సొక్చోలో వాళ్ళమ్మ బజారంతా చాటేసింది, మా అమ్మాయికి పెద్ద కంపెనీలో ఆఫీసు ఉద్యోగం అని. ఒకప్పుడు టీవీలో వస్తుందని చాటి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి తల దించుకుని చేపలు తూచిన మనిషి. ఇప్పుడు తలెత్తుకునే వీలు దొరికితే వదులుతుందా? రోజూ ఫోను చేసి, ఇంకా సంతకం పెట్టలేదా, వాళ్ళు మనసు మార్చుకుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను అని సాధించేది. డాక్టరు భార్య కూడా వెళ్ళమనే అంది, పాపం, కప్పులు కడగడానికి ఇంకో మనిషిని వెతుక్కోవాల్సి వస్తుందని తెలిసీ.

నారే నన్నూ అడిగింది. నేను కుదురుగా సమాధానం చెప్పే మనిషినా? ముందు, ఆ గుమ్మం తొక్కితే నా షాపు గుమ్మం తొక్కకు అన్నాను. అది మొహం ముడుచుకుంటే మనసొప్పక, వెళ్ళవే, ఎన్నాళ్ళు ఊళ్ళోవాళ్ళ ఉమ్ము కడుగుతావు అన్నాను. వెళ్తే వెళ్ళు గాని, పంపేసే పిల్లల్ని మాత్రం ఇంకో కొట్టుకి తీసుకుపో, నా వల్ల కాదు అని కూడా అన్నాను.

“పిన్నీ, నాకు జీతం గురించి కాదు,” అంది నారే. “ఆ గది నేల గుర్తొస్తుంది. నాలుగు గంటలు ఆడాక అద్దాలకి ఆవిరి పడుతుంది చూడు, దాని మీద వేలితో పేర్లు రాసుకునేవాళ్ళం. కలలో కూడా అదే. నన్ను స్టేజీ ఎక్కించొద్దు. గోడకి అవతల కూర్చోబెట్టినా చాలు. అక్కడ పాట మొదలైతే వినపడుతుంది కదా.”

దగ్గరున్నా చాలనుకునే మనిషికి ఏ సలహా పనికొస్తుంది? నాకూ ఒక వయసులో అలాంటి ఆశ ఉండేది, మనిషి మీద. అందుకే తెలుసు.

చేరతానని దాదాపు నిశ్చయించుకుంది. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు కొనుక్కుంది. సంతకం పెట్టే ముందు ఒకసారి నెలాఖరు పరీక్షకి వచ్చి బల్ల దగ్గర కూర్చుని చూడండి అన్నాడట బాంగ్. ఆ రోజు పొద్దున నా షాపులోనే పులుసు తాగి వెళ్ళింది. గుమ్మం దగ్గర ఆగి, ఎలా ఉన్నాను అని అడిగింది. బ్యాంకులో అప్పివ్వనని చెప్పేదానిలా ఉన్నావు అన్నాను. నవ్వుకుంటూ వెళ్ళింది. ఈసారి ముందు గుమ్మంలోంచి.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక తిరిగొచ్చింది. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని, పొయ్యి కేసి చూస్తోంది. చేపముక్కల పులుసు గిన్నె ముందు పెట్టి, నేనూ ఎదురుగా కూర్చున్నాను. నేను పని మానుకుని కూర్చోవడం మా వీధిలో ఎవరూ చూసి ఉండరు.

పిల్లలంతా వరుసగా వచ్చి నడుం వంచి దండం పెట్టారట. కొందరు చాలా బాగా పాడారట. కాగితం మీద మంచి మాటలే రాసిందట. మంచినీళ్ళు అందిస్తున్నారు, నారేగారూ మీ అభిప్రాయం అంటున్నారు, కుర్చీ మెత్తగా ఉంది, అంతా బాగానే ఉంది. ఆఖరున ఒక పిల్ల వచ్చింది. దక్షిణాది యాస. భయంతో మొదటి వాక్యమే శ్రుతి తప్పింది. ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ తప్పింది. బల్ల దగ్గర అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బాంగ్ నారే వైపు తిరిగి చిన్నగా తలూపాడు. అంటే, ఈ పిల్లకి చెప్పాల్సింది మీరే అని.

“జాలేసిందా?” అన్నాను.

“అదే పిన్నీ, వెయ్యలేదు.” గిన్నె పక్కకి జరిపింది. “నాకు కుళ్ళు వచ్చింది. అంత చెత్తగా పాడుతోంది, అయినా అది అక్కడ నిలబడి ఉంది. నేను ఇక్కడ కూర్చుని ఉన్నాను. నువ్వు పక్కకి జరుగు, నేను పాడతాను అని అరవాలనిపించింది. దాన్ని పంపెయ్యమంటే సంతోషంగా పంపేసేదాన్ని. బాగా పాడిన వాళ్ళని ఇంకా సంతోషంగా పంపేసేదాన్ని. పిల్లల కోసం రండి అన్నాడు కదా ఆయన. నాలాంటిదాన్ని పిల్లల మీదికి వదులుతారా ఎవరైనా?”

దాని కళ్ళలో నీళ్ళు లేవు. నాకే వచ్చాయి. ఉల్లికాడలు తరిగాను అని అబద్ధం చెప్పాను. అది నమ్మినట్టే తుడుచుకోమని కాగితం రుమాలు అందించింది. మరి బాంగ్‌కి ఏం చెప్పి వచ్చావు, మీ అమ్మకి ఏం చెప్తావు అని అడిగాను. అమ్మకి ఆదివారం సొక్చో వెళ్ళి ఎదురుగానే చెప్తానంది, తిట్టినంతసేపు తిడుతుంది, తర్వాత అన్నం పెడుతుంది అంది.

“బాంగ్ సార్‌కేమో, బల్లకి అవతల నిలబడి పాడే ఉద్యోగం ఏదైనా ఉంటే చెప్పండి, ఇవాళే చేరతానన్నాను.”

“ఏమన్నాడు?”

“అలాంటి ఉద్యోగం లేదన్నాడు. తెలుసు సార్ అన్నాను.”